రోహిణికార్తె గాలి, టర్బో ఇంజను

ఆదోని, బళ్లారి, గుంతకల్లు పట్టణముల నడుమ నల్లరేగడి నేలలలో నున్న ఆలూరునందు రోహిణికార్తె వచ్చుసరికి నీడలోని ఉష్ణమే 40 డిగ్రీలు దాటుచుండుట యెల్లరెఱిగినదే. కాని ధనుర్మాసపు వేకువ చలిగాలిలో కదను త్రొక్కిన టర్బోకారు, అదే దారిలో అదే చోదకుని చేతిలో, ఆ మిట్టమధ్యాహ్నమున ఏల నీరసించునో విచారించువారు తక్కువ. పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారమునుండి 2019లో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుతో సెల్టోస్ వెలువడినది మొదలు ఇట్టి ఇంజను సీమవారికి పొరుగింటి సరకయ్యెను గాన, ఆ విచారణ యిపుడు అవసరమే.

వేడియెక్కిన గాలి విరివియై పలుచనగును. ఈ లెక్కను పరమశూన్యము మొదలు కొలుచు కెల్విన్ మానముతో జేయవలెను. పీడనము మాఱకున్నచో, 20 డిగ్రీల గాలి, అనగా 293 కెల్విన్లది, 60 డిగ్రీలకు, అనగా 333 కెల్విన్లకు, చేరునప్పటికి దాని సాంద్రత నూటికి 12 పాళ్లు తగ్గిపోవును. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి వలయును గావున, గాలి తగ్గినంత ఇంధనమును తగ్గవలెను. ఇంజనులోనికి బోవు గాలి ఉష్ణమును సెన్సారువలన దెలిసికొని, ఇంజనును నడుపు కంప్యూటరగు ఈసీయూ చేయు ఈ సవరింపునకే ఒక పట్టిక గలదు. కొన్ని ఈసీయూలు వాయుసూత్రము ననుసరించి ఈ గణితమును తామే చేసికొనును. అది యెఱుగక పట్టికలో మరల తగ్గించినవాడు ఒకే తగ్గింపును రెండుమాఱులు చేసినవాడగును. గాలి తూకమునే నేరుగా కొలుచు సెన్సారుగల ఇంజనులకు ఈ బాధ చాలవఱకు లేదు.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందిన టర్బో, పొగగొట్టపు వాయువుల వేగముతో గాలిని అదిమి లోనికి బంపును. అదుముటయే వేడిమికి మూలము. 40 డిగ్రీల గాలిని, నూటికి 70 పాళ్ల సామర్థ్యముగల కంప్రెసరు రెట్టింపు పీడనమునకు దెచ్చినచో, లెక్క ప్రకారము అది 138 డిగ్రీలకు చేరును. ఇంటర్‌కూలరు దానిని చల్లార్చునుగాని, బయటిగాలితో చల్లార్చునది బయటిగాలికంటె చల్లబఱుపజాలదు గదా!

సెన్సారు చెప్పినదంతయు సత్యమని నమ్ముటయందే అసలు చిక్కు గలదు. కారు సంతవీథిలో కొంతసేపు నిలిచినచో, వేడియెక్కిన మానిఫోల్డునందలి సెన్సారు, పొయ్యి దించిన పిమ్మటను సెనగలను మాడ్చు మంగలమువలె, తన యొడలి వేడినే గాలి వేడిగా నివేదించును. ఈసీయూ అది నిజమని ఇంధనమును కోయును; కారు కదలి బూస్టు, అనగా టర్బో యొత్తిడి, ఎక్కినంతనే గాలి-ఇంధనముల మిశ్రమము పలుచనై, అదుపుతప్పి మండు చప్పుడగు నాకింగు వినవచ్చును. మెల్లగా పాఱు గాలి గోడల వేడిని గ్రహించుననుటయు సత్యమే, వేగముగా పాఱు గాలికి ఆ తీరిక లేదు. కావున సెన్సారును ఇంటర్‌కూలరు తరువాతి గొట్టమున, మానిఫోల్డు వేడికి దూరముగా నుంచి, ప్రవాహము హెచ్చినకొలది దాని మాటకు విలువ హెచ్చించుట మేలు.

నేర్పుగల ట్యూనరు మొదట ఒకే ఉష్ణమున ఇంధనపు మూలపట్టికను సరిచేసి, పిదప ఎండలో మిశ్రమపు పాళ్లు తెలుపు లాంబ్డా మీటరును గమనించును. వేడికొలది మిశ్రమము జాఱినచో ఉష్ణపు పట్టికను సవరించునే గాని మూలపట్టికను ముట్టడు. వేసవిలో మూలపట్టికను మార్చినవాడు చలికాలమును చెఱచినవాడగును. వేడిమిలో ఇంజనును కాపాడుటకు కొందఱు ఉష్ణపు పట్టికలో ఇంధనమును తగ్గింపక యట్లే యుంచుదురు. బూస్టులో మిశ్రమమును, ఒక పాలు పెట్రోలునకు సుమారు 12 పాళ్ల గాలి యుండునట్లు, చిక్కగా నుంచుట యుచితమే, కాని ఆ రక్షణను ఉష్ణపు పట్టికలో దాచుటకంటె ఇగ్నిషన్ టైమింగును వెనుకకు జరుపుటలోను, బూస్టును తగ్గించుటలోను చూపుట న్యాయమని నా యభిప్రాయము. డీజిలు ఇంజను సంగతి వేఱు: గాలికి మించి ఇంధనము పోసినచో అది నల్లనిపొగ వెడలగ్రక్కును.

శక్తి కొఱకు కారును రీమ్యాపు చేయించుకొనువారు, అనగా ఈసీయూ పట్టికలను మార్పించుకొనువారు, చలికాలమున మాత్రమే పరీక్షించిన మ్యాపునకు వేసవి మధ్యాహ్నమున లాంబ్డా చూపించుకొనకుండ పూర్తి మూల్యము చెల్లింపకుందురు గాక.