నల్ల జాకెట్ సరే... ఆ మేకుల బూట్ల సంగతేంటి?

ట్యాంకు గేమ్స్ ఆడేవాళ్లకి, రెండో ప్రపంచయుద్ధం సినిమాలు చూసేవాళ్లకి ఈ డ్రెస్ బాగా తెలుసు. నల్ల జాకెట్, కాలర్ మీద పుర్రె బొమ్మ. చూడగానే 'విలన్ అంటే వీడే' అనిపిస్తుంది. కానీ 1934లో జర్మన్ సైన్యం ట్యాంకు దళానికి నలుపు ఎంచుకున్నది భయపెట్టడానికి కాదు. ఆయిలు, గ్రీజు మరకలు కనపడకూడదని!

పంజర్-3, పంజర్-4 ట్యాంకుల్లో ఐదుగురు ఇరుక్కుని కూర్చునేవారు. మామూలు సైనికుడి పొడవాటి కోటుతో లోపలికి దూరితే ఏ లివర్‌కో తగులుకుంటుంది. అందుకే నడుము దాకా వచ్చే పొట్టి జాకెట్. బయట జేబులు ఉండవు. ముందు భాగం ఒకదానిమీద ఒకటి వచ్చేలా కుట్టి, కింది గుండీల్ని లోపల దాచేశారు. ప్యాంటు చీలమండ దగ్గర బిగించుకోవాలి. అంచుల్లో పైపింగ్ మాత్రం గులాబీ రంగు. అవును, గులాబీయే, ట్యాంకు దళానికి కేటాయించిన రంగు అది.

పుర్రె బొమ్మ పాత ప్రష్యా గుర్రపు దళాల నుంచి వచ్చింది. హిట్లర్ ఎస్‌ఎస్ దళాలూ పుర్రె పెట్టుకునేవి కాబట్టి ఇద్దరూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. మొదట్లో తలకి దెబ్బ తగలకుండా లోపల మెత్త పెట్టిన పెద్ద బెరే టోపీ ఇచ్చారు. దాని మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం కష్టం. యుద్ధం మొదలయ్యాక కొద్దికాలానికే అది మూలకి పోయింది.

లోపల ఇంత ఆలోచించారు కదా, మరి బయట? ట్యాంకు తగలబడి కిందికి దూకితే పచ్చిక మీద, మంచు మీద నల్లబట్టల మనిషి దూరం నుంచే కనపడతాడు. ఇసుక నేల ఉన్న ఆఫ్రికాలో నలుపు పూర్తిగా పక్కన పెట్టి, వేరే పల్చటి బట్టలు ఇచ్చారు.

అసలు కథ బూట్లది. జాకెట్ ప్రత్యేకంగా కుట్టించారు గానీ కాళ్లకి మాత్రం కాలినడక సైన్యం తోలు బూట్లే. వాటి అడుగున 30కి పైగా ఇనప మేకులు. రోడ్డు మీద మైళ్లు నడవడానికి బాగుంటాయి, తోలు అరగదు. కానీ 1941 చలికాలంలో మాస్కో దగ్గర చలి మైనస్ 30 డిగ్రీలు దాటింది. మేకులు చలిని నేరుగా పాదానికి అందించాయి. సరిగ్గా కొలతకి కుట్టిన బూట్లలో రెండో జత సాక్స్ పట్టదు. రష్యన్ల దగ్గర మందపాటి ఉన్నితో చేసిన 'వాలెంకీ' బూట్లు ఉన్నాయి. జర్మన్లు వాటి కోసం ఖైదీల కాళ్లు, ఊళ్లలో జనం కాళ్లు కూడా వదల్లేదు. ఆ చలిలో బూట్లు లాక్కుంటే అవతలివాడు ఏమవుతాడో చెప్పక్కర్లేదు.

మరి చలిబట్టలు ఏమయ్యాయి? చలికాలం రాకముందే యుద్ధం అయిపోతుందన్నది హిట్లర్ లెక్క. డిసెంబర్ 20న ట్యాంకు దళాల జనరల్ గుడేరియన్ వెళ్లి తన మనుషులకి చలిబట్టలు అందలేదని చెబితే, అబద్ధం అన్నాడట హిట్లర్. అధికారిని పిలిపించి అడిగారు. బట్టలు వార్సా స్టేషన్లో ఉన్నాయి, లాగడానికి ఇంజిన్లు లేక వారాల తరబడి అక్కడే పడున్నాయి! ఇది గుడేరియన్ ఆత్మకథలోని మాట. తన తప్పులు తక్కువ చేసి రాసుకున్న పుస్తకమే అనుకోండి. వారం తిరక్కుండానే ఆయన ఉద్యోగం ఊడింది.

అదే రోజుల్లో సైనికులకి ఉన్ని బట్టలు దానం చేయండని జర్మనీ రేడియోలో జనాన్ని అడిగారు. ఆ చలికాలంలో మంచు కాటు తిన్న జర్మన్ సైనికులు లక్షకు పైనే. వేలమందికి వేళ్లో, పాదాలో తీసేశారు.

1942 మే నెలలో ఆ చలికాలం గడిపినవాళ్లకి ఓ పతకం ప్రకటించారు. సైనికులు దానికి వేరే పేరు పెట్టుకున్నారు... 'గడ్డకట్టిన మాంసం పతకం'.