మాట పడిపోయినా మిగిలే పాట

సంగీత చికిత్స అంటే రోగికి పాట పెట్టి ఊరుకోవడం కాదు. శిక్షణ పొందిన చికిత్సకుడు రోగిని పరిశీలించి, ఒక లక్ష్యం పెట్టుకుని, పాటనో తాళాన్నో వాద్యాన్నో సాధనంగా వాడుతూ, మార్పును ఎప్పటికప్పుడు రాసుకుంటూ సాగించే వైద్యం అది. నడక కుదుటపడటం, మాట తిరిగి రావడం, భయం తగ్గడం వంటివి ఆ లక్ష్యాలు.

పాటకూ వైద్యానికీ పొత్తు చాలా పాతది. చరక సంహిత సూత్రస్థానం 15వ అధ్యాయం, రోగిని ఉంచే ఇంటికి కావలసినవి చెబుతూ పరిచారకులతోపాటు పాటలో, వాద్యంలో, కథలు చెప్పడంలో నేర్పున్నవాళ్లు కూడా ఉండాలంటుంది. బిలహరి రాగంలోని ‘నా జీవాధార’ కీర్తనతో త్యాగరాజు చనిపోయిన మనిషిని బతికించాడన్న కథ సంగీత లోకంలో తరతరాలుగా ఉంది. అది భక్తుల నమ్మకం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత చికిత్సపై ఎంతో ఆసక్తి చూపి, దాని పరిశోధన కోసం ట్రస్టు కూడా పెట్టారు. అయితే ఫలానా రోగానికి ఫలానా రాగం అంటూ చేతులు మారే పట్టికలకు వైద్య పరీక్షల్లో తగిన ఆధారం దొరకలేదు. ఆధారం దొరికింది వేరేచోట: రోగికి పరిచయమైన పాటలో, తాళంలో.

వృత్తిగా సంగీత చికిత్స రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో రూపుకట్టింది. గాయపడిన సైనికుల ఆసుపత్రుల్లో పాడిన కళాకారులకు వైద్య శిక్షణ కూడా అవసరమని తేలింది. 1944లో మిషిగన్‌లో తొలి డిగ్రీ కోర్సు మొదలైంది, 1950లో జాతీయ సంఘం ఏర్పడింది.

ఈ చికిత్స బలం బాగా కనిపించేది పక్షవాతంలో. చాలామందిలో మాటకు ముఖ్యమైన భాగాలు మెదడు ఎడమవైపు ఉంటాయి. అక్కడ రక్తప్రసరణ ఆగితే మనిషి మంచినీళ్లు కావాలని కూడా అడగలేకపోవచ్చు. అదే మనిషి చిన్నప్పటి పాటను పదాలతో సహా పాడగలగడం వైద్యులు చాలాకాలంగా చూస్తున్నారు. పాట మెదడు రెండు వైపులనూ కదిలిస్తుంది. దీని ఆధారంగా 1973లో బోస్టన్ వైద్యులు ఒక పద్ధతిని ప్రకటించారు. చిన్న మాటను రాగంగా పలికిస్తూ, రోగి ఎడమచేతితో తాళం వేయిస్తారు. తరువాత రాగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మామూలు మాటలోకి తెస్తారు. 2008లో ఫిన్లాండ్ పరిశోధకులు పక్షవాతం వచ్చిన కొత్తలోనే కొందరికి రెండు నెలలపాటు రోజూ వాళ్లకు ఇష్టమైన పాటలే వినిపించారు. మాటల జ్ఞాపకం, ఏకాగ్రత వాళ్లలో మిగతావారికన్నా మెరుగ్గా కోలుకున్నాయి.

పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న చాలామందికి అడుగు ఒక్కోసారి నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతుంది. నిలకడైన తాళం వినిపిస్తే, లోపల తప్పిన లయకు బయటి లయ ఊతమై అడుగులు మళ్లీ సాగుతాయి. 1990లలో పరిశోధకుడు మైఖేల్ థౌట్ బృందం దీన్ని శాస్త్రీయంగా పరీక్షించింది. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వాళ్లకు లయకూ కదలికకూ ఉన్న ఈ బంధం కొత్త కాదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో నాటు వేసే ఆడవాళ్ల చేతులు పాటతో కలిసి కదులుతాయి. బతుకమ్మ చుట్టూ చప్పట్లకు అడుగు పడుతుంది. ఈ ఊళ్ల పెద్దావిడకు నడక నేర్పాలంటే విదేశీ వాద్యం కన్నా ఆ చప్పట్ల లయే దగ్గరి దారి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలోనూ పరిచయమైన పాట మేలు కనిపించింది. 2013లో ప్రచురితమైన అధ్యయనంలో 11 ఆసుపత్రుల్లోని 272 మంది శిశువుల దగ్గర తల్లిదండ్రులు ఎంచుకున్న పాటలను జోలగా పాడించారు. గుండె లయ నెమ్మదించడం, పాలు తాగే తీరు మెరుగవడం గమనించారు. తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గింది.

ఆపరేషన్ గదిలో పాట చేసే పని కొంత వేరు. 2017లో గుంటూరులో ఒక నర్సుకు మెలకువగా ఉండగానే మెదడు ఆపరేషన్ చేస్తూ ‘బాహుబలి 2’ చూపించారు. ఆమె పాటలు కూనిరాగం తీస్తూనే ఉన్నారు. 2022లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్‌కే చిరంజీవి ‘అడవిదొంగ’ చూపించారు. ఇది సంగీత చికిత్స కిందికి రాదు. అయినా భయం తగ్గించడం, మాట పోలేదని క్షణక్షణం నిర్ధారించుకోవడం రెండూ నెరవేరాయి. ఆపరేషన్‌కు ముందు పాట వింటే ఆందోళన తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది.

మతిమరుపు వ్యాధిలో పాట కుంగుబాటును తగ్గించగలదు గాని వ్యాధిని ఆపలేదు. ఆటిజం ఉన్న 364 మంది పిల్లలపై తొమ్మిది దేశాల్లో జరిపిన సంగీత చికిత్స పరీక్షలో లక్షణాల తీవ్రత చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2017లో తేలింది. అందుకే దీన్ని మందులకు తోడుగానే వాడతారు. చికిత్స మొదలుపెట్టేముందు చికిత్సకుడు ఇంటివాళ్లను అడిగేది రోగి ఏ పాటలు వింటూ పెరిగాడని, ఏ పాట వింటే ఇబ్బంది పడతాడని.