పళ్ళు జివ్వుమంటే లేజర్ దాకా వెళ్ళాలా?

ఎండాకాలం మొదలవగానే నూజివీడు వైపు నుంచి పచ్చి మామిడికాయలు దిగుతాయి. ఆవకాయకు ముక్కలు కొడుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళ చెయ్యి ఊరుకోదు. ఉప్పూకారం అద్దుకుని నాలుగు ముక్కలు నమిలాక, కుండలో చల్లటి నీళ్ళు గ్లాసెడు తాగేసరికి పక్కపన్ను దగ్గర జివ్వుమంటుంది. కూచిపూడిలోనైనా బందరులోనైనా పళ్ళు పులిశాయనుకుని ఊరుకుంటారు. రెండు రోజులు పులుపు మానేస్తే తగ్గిపోయేదైతే అంతటితో సరి. కానీ నెలల తరబడి చల్లటి నీళ్ళకీ, బందరు హల్వా తీపికీ, బండి మీద వెళ్తుంటే నోట్లోకి కొట్టే గాలికీ కూడా జివ్వుమంటుంటే మచిలీపట్నానికో గుడివాడకో పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరక తప్పదు. అక్కడ ఈమధ్య వినపడే మాట లేజర్.

ఆ వెలుగు పంటికి ఏం చేస్తుందో తెలియాలంటే ముందు పన్ను లోపలికి చూడాలి.

పైకి తెల్లగా కనపడే పొర ఎనామిల్. మనిషి ఒంట్లో అంతకన్నా గట్టిది ఇంకేదీ లేదు. దాని కింద పసుపు ఛాయలో డెంటిన్ ఉంటుంది. దాని నడుమ రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తటి గుజ్జు. చిగురు కింద దాగిన వేరు భాగానికి ఎనామిల్ కాపలా ఉండదు, సిమెంటం అనే పలచటి పూత మాత్రమే. డెంటిన్ చూడ్డానికి ఎముకలా గట్టిగా ఉన్నా లోపలంతా సన్నటి గొట్టాలే. ఒక్కోదాని వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి సుమారు రెండు వంతుల దాకా ఉంటుంది. చదరపు మిల్లీమీటరు మేరలో ఇలాంటివి 20,000 పైచిలుకు. గుజ్జుకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఒత్తుగా ఉంటాయి. పైకప్పు అరిగిపోతే, కోత కోసిన చేలో వరి మోళ్ళలా వీటి నోళ్ళన్నీ బయటపడతాయి.

గొట్టాల నిండా ద్రవం ఉంటుంది. చలవ తగిలినా, గాలికి ఆరినా, తీపి తగిలినా అది బయటివైపు జరుగుతుంది. ఆ కదలికను లోపలున్న నరపు కొసలు నొప్పిగా అందుకుంటాయి. స్వీడన్ పరిశోధకుడు మార్టిన్ బ్రానస్ట్రామ్ 1960లలో ప్రయోగాలు చేసి చూపించిన ఈ వివరణనే ఇప్పటికీ వైద్యలోకం ఎక్కువగా ఒప్పుకుంటోంది. 1987లో బ్రిటన్‌లో అబ్సీ, ఆడీ, ఆడమ్స్ అనే ముగ్గురు, జివ్వుమనే పళ్ళనూ మామూలు పళ్ళనూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి పోల్చారు. జివ్వుమనే పళ్ళలో నోరు తెరుచుకున్న గొట్టాలు ఎనిమిది రెట్లు ఎక్కువగా కనిపించాయి, వాటి వెడల్పూ దాదాపు రెట్టింపు. గొట్టం వెడల్పు రెండింతలైతే అందులో పారే ద్రవం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. గాలి పీల్చినా పన్ను జిల్లుమనడంలో వింత లేదన్నమాట. 

కప్పు ఎందుకు పోతుందన్నదానికి కృష్ణా డెల్టాలో జవాబులు ఇంట్లోనే దొరుకుతాయి. వరి పండే ఊళ్ళలో ఒకప్పుడు ఊక బూడిదే పళ్ళపొడి. పిడకల కచ్చిక, ఇటుకపొడి కూడా వాడేవాళ్ళు. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. రోజూ వేలితో అదిమి తోమితే పాచితోపాటు పన్నూ అరుగుతుంది. ఇప్పుడు బూడిద పోయి బ్రష్షు వచ్చింది గానీ, గట్టి కుచ్చు బ్రష్షుతో అడ్డంగా రంపం లాగినట్టు తోమే అలవాటు చాలామందికి పోలేదు. కుడిచేత్తో తోముకునేవాళ్ళలో ఎడమవైపు కోరపళ్ళూ వాటి పక్క పళ్ళూ ఎక్కువ దెబ్బతినడాన్ని దంతవైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు.

పులుపు సంగతి వేరు. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. వేరు మీది పూత, డెంటిన్ అంతకన్నా ముందే లొంగిపోతాయి. నిమ్మరసం, కోలా పానీయాలు ఈ గీతకు చాలా దిగువన ఉంటాయి. పుల్లటిది తిన్న వెంటనే బ్రష్షు పట్టుకోవడం మరీ చెడ్డది. మెత్తబడిన పొరను మనమే తుడిచేసినట్టవుతుంది. నీళ్ళు పుక్కిలించి ఓ గంట ఆగడం మేలు. వీటికి తోడు గార పేరుకుని చిగుళ్ళు కిందికి జారిపోవడం, పొగాకు, నిద్రలో పళ్ళు కొరకడం ఉండనే ఉన్నాయి.

ఇక వైద్యం. జివ్వుమనే పళ్ళకు మొదటి మందు ఇప్పటికీ టూత్‌పేస్టే. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నరం చురుకును మందగింపజేస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినైన్ ఉన్నవి గొట్టాల నోళ్ళు పూడుస్తాయి. గుణం కనపడాలంటే పొటాషియం పేస్టు రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. మనవాళ్ళు నాలుగు రోజులు వాడి ‘పని చెయ్యట్లేదు’ అని పక్కన పడేస్తారు. లేదా తోముకోగానే చెంబెడు నీళ్ళు పుక్కిలించి మందంతా ఉమ్మేస్తారు. పేస్టుతో తగ్గకపోతే డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాడు. గుంట పడినచోట ఫిల్లింగ్ చేస్తాడు. చిగురు బాగా జారిపోతే దానికి శస్త్రచికిత్స కూడా ఉంది. లేజర్ వరస వీటి తర్వాతే.

థియోడర్ మైమన్ మొట్టమొదటి లేజర్ వెలిగించింది 1960 మేలో. పళ్ళవాళ్ళు దాన్ని అందుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1965లో అమెరికాలోని సిన్సినాటిలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు కెంపు లేజర్‌ను సాక్షాత్తూ తన సోదరుడి పంటి మీదే ప్రయోగించాడు. ఆ సోదరుడు బెర్నార్డ్ స్వయంగా పళ్ళ డాక్టరు, నొప్పి తెలియలేదన్నాడు. కానీ అదే ఏడాది జాక్, కోహెన్ అనే ఇద్దరు కోతుల మీద చేసిన పరీక్ష అందరినీ ఆలోచనలో పడేసింది. పంటి గుజ్జు వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే చాలు, ఆ పళ్ళలో 15 శాతం కోలుకోలేదు. పంటిని వేడెక్కించే కెంపు లేజర్ అందుకే పళ్ళ దగ్గర నిలవలేదు. అప్పటికే వేరే రకాలు పుట్టుకొచ్చాయి. బారామతిలో పుట్టి అమెరికా వెళ్ళిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టాడు. నియోడిమియం యాగ్ లేజర్ కూడా ఆ ఏడాదే, అక్కడే తయారైంది. ఈ రెండో రకాన్ని జివ్వుమనే పళ్ళ మీద వాడి చూశామని 1985లో జపాన్‌లో మత్సుమోటో బృందం ప్రకటించింది. అసలు కథ అక్కణ్ణుంచే మొదలు.

పంటి జివ్వుకు వాడే లేజర్లు రెండు జాతులు. తక్కువ శక్తివి ఒకటి: 632.8 నానోమీటర్ల ఎర్రటి హీలియం నియాన్ వెలుగు, 780 నుంచి 900 దాకా ఉండే, కంటికి దాదాపు ఆనని డయోడ్ వెలుగు. ఇవి పంటి పైభాగాన్ని మార్చవు. లోపలి నరం నొప్పి కబురు పంపడాన్ని మందగింపజేస్తాయి. రెండో జాతి నియోడిమియం యాగ్ (1064), ఎర్బియం యాగ్ (2940), కార్బన్ డయాక్సైడ్ (10,600). ఇవి డెంటిన్ పైపొరను క్షణకాలం వేడెక్కించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టిస్తాయి. గొట్టాల నోళ్ళు ఇరుకై మూసుకుపోతాయి. వేడి ఎంత, ఎంతసేపు అన్న లెక్క తప్పితే 1965 నాటి కోతుల పళ్ళకు పట్టిన గతే. మామూలు క్లినిక్కుల్లో ఎక్కువగా కనపడేది డయోడ్ యంత్రం. చిన్నది, మిగతావాటికంటే చవక, శక్తి పెంచితే చిగుళ్ళ కోతకూ పనికొస్తుంది.

గుణం ఉందా? 2000లో మత్సుమోటో సహా కొందరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ గుదిగుచ్చారు. లేజర్ రకాన్ని బట్టి, వాడిన తీరును బట్టి సఫలత 5.2 శాతం నుంచి 100 శాతం దాకా ఉంది! ఇంత తేడా ఉన్నప్పుడు సగటు తీసి చెప్పడం రోగిని మభ్యపెట్టడమే. 2021లో కోక్రేన్ సంస్థ 23 అధ్యయనాలను, 936 మందినీ, 2,296 పళ్ళనూ జల్లెడ పట్టింది. ఏ వైద్యమూ చెయ్యకపోవడం కంటే, ఉత్తుత్తి వైద్యం కంటే లేజర్ గాలి తగిలినప్పటి నొప్పిని కొంత తగ్గించవచ్చని తేల్చింది గానీ, ఆ సాక్ష్యం బలహీనమని కూడా రాసింది. ఉత్తుత్తి లేజర్ పెట్టించుకున్నవాళ్ళలోనూ నొప్పి తగ్గిందనేవాళ్ళు ఈ జబ్బులో తక్కువేమీ కాదు. కాబట్టి పొరుగింటావిడకు ఒక్క సిట్టింగ్‌తో తగ్గిందన్నది రుజువు కింద చెల్లదు.

కుర్చీలో జరిగే తంతు చిన్నదే. డాక్టరు ముందు పంటి మీదికి ఓ క్షణం గాలి కొట్టి, నొప్పి ఎంతో 0 నుంచి 3 దాకా మార్కు వేస్తాడు. పళ్ళు శుభ్రం చేసి, దూదితో తడి లేకుండా ఆరబెట్టి, చిగురు అంచున లేజర్ మొన పట్టుకుంటాడు. ఇంజెక్షన్ సాధారణంగా అక్కర్లేదు, ఒక్కో పంటికి నిమిషం అటూ ఇటూ. డాక్టరుకూ రోగికీ కూడా ఆ తరంగానికి తగిన రంగు అద్దాలు తప్పనిసరి. అవి ఇవ్వకపోతే అడగాలి. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, వెలుగే. అయినా కంటికి ప్రమాదమే. తర్వాత మళ్ళీ గాలి కొట్టి మార్కు చూస్తారు, అవసరమైతే మరో ఒకటి రెండు సిట్టింగులకు పిలుస్తారు. గట్టి బ్రష్షు, సోడాలు, గార ఎప్పటిలాగే ఉంటే మూసుకున్న నోళ్ళు మళ్ళీ తెరుచుకుంటాయి. డబ్బు పెట్టేముందు క్లీనింగ్ చేయించుకుని, నెల రోజులు మందు పేస్టు వాడి చూడమని చెప్పే డాక్టరు దొరికితే అదృష్టమే.

రెండో మాట వినాలనుకునేవాళ్ళకు దంతవైద్య కళాశాలలు దూరమేమీ కాదు. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, గన్నవరం దగ్గర చిన్న ఆవుటపల్లిలో సిద్ధార్థ ఉంది, గుడివాడ వాళ్ళకు ఏలూరు సెయింట్ జోసెఫ్ కూడా అందుబాటే. దివిసీమ వాళ్ళు పులిగడ్డ-పెనుమూడి వంతెన దాటితే రేపల్లె మీదుగా గుంటూరు వెళ్ళొచ్చు. ఏ కళాశాలకు వెళ్ళినా చిగుళ్ళ విభాగంలో చూపించుకోవాలి.

అన్ని జివ్వులూ లేజర్‌కు లొంగేవి కావు. చల్లదనం తీసేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి పోటు పెడుతుంటే, వేడి కాఫీకి ఎక్కువవుతుంటే, రాత్రి నిద్రలోంచి లేపుతుంటే అది పిప్పి లోపలికి దిగి గుజ్జు వాచిన లక్షణం. గట్టిది కొరికినప్పుడే చురుక్కుమంటే పన్ను బీటలిచ్చి ఉండవచ్చు. అలాంటి పంటికి ముందు ఎక్స్‌రే తీయించాలి. గుజ్జు కోలుకోలేనంతగా చెడితే రూట్ కెనాల్ చేయించడమో, పన్ను తీయించడమో తప్ప లేజర్ వల్ల ఒరిగేదేమీ ఉండదు.