మందు పట్టిన విత్తనానికి మిల్లు దారి లేదు
వేరుశనగ విత్తనశుద్ధి: మొలక శాతం, వర్తకుని లెక్క
(మా వాణిజ్య విలేఖరి)

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, అచ్చంపేట ప్రాంతాలలోను, నల్లగొండ జిల్లా దేవరకొండ వైపునను వేరుశనగకు యాసంగియే ముఖ్యమైన కాలం. సెప్టెంబరు రెండవ పక్షంలో విత్తులు మొదలవుతాయి. జనవరి నుండి మార్చి వరకు కాయ మార్కెట్ యార్డులకు వస్తుంది. అందులో సింహభాగం నూనె మిల్లులకు, పప్పు వ్యాపారులకు పోగా, కొంత సరకు వచ్చే యాసంగి విత్తనం కోసం గోదాములలో నిలవ ఉంటుంది. విత్తనపు ధరకు, మిల్లు ధరకు మధ్య ఉండే తేడాయే ఈ నిలవకు ఆధారం.

ఆగస్టు దాటేసరికి నిలవదారు ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఈ లాటును విత్తనంగా అమ్మాలా, లేక మిల్లుకు తోలాలా? మొలక తక్కువగా ఉన్నదని అనుమానం కలిగితే మందు పట్టించి అమ్మవచ్చుననే అభిప్రాయం వర్తకులలో కొందరికి ఉన్నది. ఈ అభిప్రాయం సగం మాత్రమే నిజం. మిగిలిన సగం తెలియక మందు కలిపితే లాటు విత్తనానికీ పనికిరాదు, మిల్లుకూ పనికిరాదు.

ఎకరానికి ఎన్ని గింజలు

పత్తి, ఆముదం హైబ్రిడ్ విత్తనాలను కంపెనీలే మందు పట్టించి, రంగు వేసి, పొట్లాలలో పంపుతాయి. ఆముదానికి ఎకరాకు రెండు, రెండున్నర కిలోల విత్తనం సరిపోతుంది. ఆ పొట్లం విషయంలో మన వర్తకులు నిర్ణయించవలసినది పెద్దగా లేదు. వేరుశనగ సంగతి వేరు. కదిరి-6 వంటి రకానికి ఎకరాకు సుమారు 75 కిలోల గింజ కావాలి. నూరు కిలోల కాయ ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు దిగుతుంది. అనగా ఒక ఎకరం విత్తనానికి క్వింటాలుకు పైగా కాయ పోవలసిందే. ఇంత సరకు చిన్న పొట్లాలలో రాదు. లాట్లుగా, బస్తాలుగా చేతులు మారుతుంది. అందుచేత విత్తనశుద్ధి ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి అనేది ఈ సరకులో ధరతో ముడిపడిన విషయం.

నూరు గింజలు 40 గ్రాములు తూగే లాటులో 75 కిలోలకు 1,87,500 గింజలు ఉంటాయి. సాలుకు సాలుకు 22.5 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు సుమారు 1,80,000 మొక్కలు పడతాయి. విత్తనం నూటికి 90 మొలిస్తే 1,68,750 మొక్కలు వస్తాయి. నూటికి 70 మొలిస్తే 1,31,250 మాత్రమే వస్తాయి. తేడా 37,500 మొక్కలు. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి నిర్ణయించిన కనీస మొలక శాతం 70. వరికి ఇది 80, కందికి 75. ఆదిలాబాదు వైపు వేసే సోయాచిక్కుడుకు కూడా వేరుశనగ వలె 70 మాత్రమే. పలుచని తొక్క, సున్నితమైన గింజ కావడమే ఈ రెండింటికీ తక్కువ ప్రమాణం పెట్టడానికి కారణం.

మందు చేసే పని

గింజ భూమిలో పడి తేమ పీల్చుకోగానే దానిలోని పోషకాలపై బూజులు దాడి చేస్తాయి. వీటిలో ముఖ్యమైనది ఆస్పర్జిల్లస్ నైజర్. నల్లని బూజుగా కంటికి కనిపించే ఈ శిలీంధ్రం వల్ల గింజ మొలవక ముందే కుళ్ళవచ్చు. మొలిచిన తరువాత మొదలు వద్ద కుళ్ళి మొక్క వాలిపోవచ్చు. బూజు గింజతోనే రావచ్చు, నేలలోనూ ఉండవచ్చు. కిలో గింజకు 3 గ్రాముల మాంకోజెబ్, లేదా 1 గ్రాము టెబుకొనజోల్ పొడి పట్టిస్తే గింజ చుట్టూ ఒక రక్షణ ఏర్పడుతుంది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని వాడేవారూ ఉన్నారు. తామర పురుగుల ద్వారా వ్యాపించే మొవ్వుకుళ్ళు తెగులు బెడద ఉన్నచోట కిలోకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. కూడా పట్టిస్తారు.

మొలక శాతంతో పాటు మొలక బలాన్ని కూడా చూడాలి. పరీక్షశాలలో తడి ఇసుకపై మొలిచిన ప్రతి గింజా చెల్కలో పైకి రాదు. మన ఎర్ర చెల్క నేలలు తడిసి ఆరితే పైన గట్టి పొర కడతాయి. రాత్రి చలి పెరిగేకొద్దీ మొలక ఆలస్యమవుతుంది. పైకి రావడానికి పట్టే రోజులు పెరిగేకొద్దీ బూజుకు అవకాశం పెరుగుతుంది. బలమైన మొలక ఆ లోపలే పొరను చీల్చుకుని బయటపడుతుంది. బలం తక్కువైన మొలకకు మందు కొన్ని రోజుల గడువు ఇస్తుంది. ఆలస్యంగా విత్తే రైతుకు శుద్ధి చేసిన విత్తనం వల్ల లాభం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

మందు చేయలేని పని

చచ్చిన గింజను ఏ మందూ బతికించలేదు. వేరుశనగ గింజ నాలుగు విధాల చెడుతుంది.

మొదటిది ఒలుపు. గింజ కొసన పలుచని తొక్క క్రిందనే మొలక ఉంటుంది. యంత్రంలో దెబ్బ తగిలితే గింజ పైకి బాగానే కనిపించినా లోపల మొలక విరిగి ఉంటుంది. బద్దలైన గింజ మొలవనే మొలవదు.

రెండవది తేమ. విత్తనపు కాయలో తేమ 9 శాతం మించరాదని ప్రమాణం. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందని, నిలవచోట వేడి 5 డిగ్రీల సెంటిగ్రేడు తగ్గితే మరల రెట్టింపవుతుందని విత్తన శాస్త్రజ్ఞులు చెప్పే మోటు లెక్క ఒకటి ఉన్నది. జనవరి కాయ సెప్టెంబరు దాకా ఆగాలంటే ఎండాకాలపు వేడినీ, వానాకాలపు తేమనూ రెండింటినీ దాటాలి. గింజలో దాదాపు సగం నూనె కావడం వల్ల ఈ రెండూ దానిని త్వరగా దెబ్బ తీస్తాయి.

మూడవది ముందుగా ఒలవడం. కాయలో ఉన్న గింజ కంటె ఒలిచిన గింజ త్వరగా శక్తి కోల్పోతుంది. విత్తడానికి వారం, పది రోజుల ముందు మాత్రమే ఒలవాలని చెప్పడం ఇందుకే. నాలుగవది నిలవలో పడే పెంకు పురుగు. ఇది కాయలోకి తొలుచుకుపోయి గింజను తింటుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ విత్తేముందు పట్టించే మందు విరుగుడు కాదు.

రెండు నమూనాల పరీక్ష

కనుక మందు పట్టించక ముందే లాటు స్థితి తెలుసుకోవాలి. ఇందుకు ఖర్చు లేని మార్గం ఒకటి ఉన్నది. లాటులోని వేర్వేరు బస్తాల నుండి కాయ తీసి, కలిపి, చేతితో ఒలిపించాలి. ఎంపిక చేయకుండా 400 గింజలు లెక్కించి, 200 గింజలకు మందు పట్టించి, మిగిలిన 200 గింజలను అలాగే ఉంచాలి. రెండింటినీ విడివిడిగా తడి ఇసుకలో గాని, తడిపిన గోనెపట్టాలో గాని మొలకెత్తించాలి. అయిదవ రోజున ఒకసారి, పదవ రోజున మరొకసారి లెక్కించాలి. వేరు, మొలక రెండూ చక్కగా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. వంకర మొలకలు, వేరు లేని మొలకలు లెక్కకు రావు.

ఉదాహరణకు మందు లేని గింజ నూటికి 64, మందు పట్టిన గింజ నూటికి 82 మొలిచాయనుకుందాం. లోపం బూజులో ఉన్నదని, గింజలో ప్రాణం ఉన్నదని అర్థం. ఇటువంటి లాటుకు శుద్ధి చేయడం లాభసాటి. అలాకాక మందు లేనిది 64, మందు పట్టినది 66 వస్తే, మిగిలిన గింజ ఒలుపు వల్లనో, తేమ వల్లనో చచ్చిందని తెలుసుకోవాలి. ఆ లాటుకు మందు పట్టించకుండా మిల్లుకు పంపడమే మేలు. రెండు లాట్లలోనూ అయిదవ రోజుకే ఎక్కువ మొలకలు వచ్చినదానికి బలం ఎక్కువ. చివరి శాతం సమానంగా ఉన్నా అటువంటి లాటుకు ఒకింత ఎక్కువ ధర చెల్లించడం కొనుగోలుదారుకు నష్టం కాదు.

అప్పుడే పీకిన కాయలో మొలక తక్కువగా కనిపిస్తే వెంటనే తీర్మానించరాదు. కొన్ని రకాల గింజ కొంతకాలం నిద్రావస్థలో ఉంటుంది. గుత్తి రకాలలో ఇది తక్కువ, తీగ రకాలలో ఎక్కువ.

వెనుకకు రాని సరకు

మందు కలిపిన మరుక్షణం నుండి సరకు స్వభావం మారుతుంది. 1966 నాటి విత్తనాల చట్టం క్రింద 1968లో వచ్చిన నియమావళి, మందు పట్టించిన విత్తనపు సంచిపై మూడు విషయాలు ఉండాలన్నది: మందు పట్టించినట్లు ప్రకటన, మందు పేరు, హాని చేసే మందు అయితే ఆహారానికి, దాణాకు, నూనెకు వాడరాదన్న హెచ్చరిక. పాదరసపు మందులకైతే ఎర్ర అక్షరాలలో ‘విషం’ అని కనిపించాలి.

నూనెకు వాడరాదన్న మాట మన మార్కెట్‌కు ముఖ్యం. మిగిలిపోయిన విత్తనాన్ని మిల్లుకు తోలే అలవాటు వేరుశనగలో పాతదే. మందు పట్టని సరకు అయితే అందులో తప్పు లేదు. మందు పట్టినది గానుగలో పడితే నూనె మనుషులకు, చెక్క పశువులకు చేరుతుంది. ఇది ఎంతదాకా పోగలదో ఇరాక్ దేశంలో 1971-72లో తెలిసింది. పాదరసపు మందు పట్టించిన గోధుమ, బార్లీ విత్తనం అక్కడి పల్లెలకు ఆలస్యంగా చేరింది. సంచులపై హెచ్చరికలు ఆ రైతులకు తెలియని భాషలలో ఉన్నాయి. రంగు కడిగితే మందు పోతుందనుకుని పలువురు రొట్టెలు చేసుకు తిన్నారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 459 మంది మరణించారు. ఈనాడు మనం వాడే మందులు పాదరసపువి కావు. అయినా కడిగితే పోతుందన్న నమ్మకం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. మందు సంచులను ధాన్యానికి, పప్పుకు మరల వాడడం కూడా ఈ కోవలోనిదే.

ఎప్పుడు, ఎలా

ఇందువల్ల గోదాములోని మొత్తం నిలవకు ఒకేసారి మందు పట్టించడం వర్తకునికి క్షేమం కాదు. వానలు తప్పి విత్తులు తగ్గినా, కొత్త కాయ ముందుగా దిగి గిరాకీ మందగించినా సరకు ఇరుక్కుపోతుంది. కాయను కాయగానే నిలవ ఉంచి, బేరం కుదిరిన మేరకు ఒలిపించి, విత్తే రోజులకు దగ్గరగా మందు పట్టించడం మంచిది. కాయను అమ్మి, మందును విడిగా ఇచ్చి, పద్ధతి చెప్పి పంపడం మరొక మార్గం. 75 కిలోలకు మాంకోజెబ్ 225 గ్రాములు చాలు. విత్తనం వెలతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం.

కలిపేటప్పుడు గింజ తొక్క ఊడకుండా చూడాలి. తిప్పే డ్రమ్ములో మెల్లగా కలపాలి. నీరు ఎక్కువైతే తొక్క ఉబ్బి వదులవుతుంది. తరువాత నీడలో ఆరబెట్టాలి. మోతాదు పెంచితే మొలక పెరగదు, తగ్గవచ్చు. ముందు బూజు మందు, తరువాత పురుగు మందు, చివరకు రైజోబియం పొడి అనే వరుస తప్పరాదు. రైజోబియం సజీవమైనది, దానిని పట్టించిన రోజే విత్తాలి.

విత్తన వ్యాపారానికి 1983 నాటి ఉత్తర్వుతో లైసెన్సు తప్పనిసరి అయింది. ధ్రువీకరణకు తొమ్మిది నెలల గడువు; తిరిగి పరీక్షలో నెగ్గితేనే పొడిగింపు. గత యాసంగి విత్తనానికి ఈ గడువు సరిగ్గా విత్తుల వేళకే దగ్గరపడుతుంది గనుక, కొనేవారు చీటీపై తేదీని చూసి గాని బయానా ఇవ్వరాదు. అమ్మేవారు ఆగస్టులోనే నమూనా పరీక్ష జరిపించుకుంటే, తక్కువ మొలక గల లాటును మిల్లు ధరకైనా వదిలించుకోవడానికి వ్యవధి ఉంటుంది. మందు కలిపిన తరువాత ఆ వ్యవధి ఉండదు.