సిగ్నల్ దగ్గర కారు వణుకుతోందా? మౌంటింగ్ మార్చే ముందు ఇది చదవండి

సిగ్నల్ దగ్గర ఆగగానే స్టీరింగు, సీటు సన్నగా వణుకుతాయి. గేరు వేయగానే కింద ‘దడ్’మని చప్పుడు వస్తుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా షెడ్డుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే: మౌంటింగ్ పోయింది, మార్చాలి. మార్చే ముందు అదేం చేస్తుందో తెలుసుకుంటే అనవసర ఖర్చు తప్పవచ్చు.

ఇంజిన్‌ను బండి బాడీకి నేరుగా బిగించరు. మధ్యలో రబ్బరు, లోహం కలిపి చేసిన దిమ్మలు పెడతారు. అవే మౌంటింగులు. వాటికి పొత్తు కుదరని రెండు పనులున్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకు లోపలికి రాకుండా చూడాలి. అందుకు మెత్తగా ఉండాలి. గుంతలో పడినప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఊగకుండా పట్టుకోవాలి. అందుకు గట్టిగా ఉండాలి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. మూడు సిలిండర్లదైతే దాదాపు 19 సార్లే. వణుకు ఎంత నిదానమైతే దాన్ని ఆపడం అంత కష్టం.

అందుకే హైడ్రాలిక్ మౌంటింగ్ వచ్చింది. అందులో రెండు గదులు, వాటి నిండా గ్లైకాల్ కలిసిన ద్రవం, మధ్యలో సన్నని దారి ఉంటాయి. పెద్ద కుదుపు వచ్చినప్పుడు ద్రవం ఆ ఇరుకు దారిలో దూరి వెళ్లాలి. అక్కడే కుదుపు జోరు తగ్గిపోతుంది.

సర్దుబాటు అయ్యే రకం ఇంకో మెట్టు పైన ఉంటుంది. బండిలోని కంప్యూటర్ వాక్యూమ్‌తో గానీ కరెంటుతో గానీ ఒక వాల్వును నడిపి, ఆగినప్పుడు మౌంటింగ్‌ను మెత్తబరుస్తుంది, వేగం అందుకోగానే గట్టిపరుస్తుంది. 2010 మోడల్ పోర్షే 911 జీటీ3లో ఇనుప రేణువులున్న ద్రవాన్ని అయస్కాంత శక్తితో చిక్కబరిచే మౌంటింగులు కూడా వచ్చాయి.

ఇక మన జేబు సంగతి. వాక్యూమ్ రకంలో రబ్బరు గొట్టం పగిలినా, ఊడినా చాలా బండ్లలో మౌంటింగ్ గట్టిగానే ఉండిపోతుంది. ఆగినప్పుడల్లా వణుకు వస్తుంది. అప్పుడు మార్చాల్సింది గొట్టాన్నే. ఇంజిన్ నడుస్తుండగా మెకానిక్ ఆ గొట్టం తీసి చూస్తే వణుకులో తేడా తెలియాలి. వాక్యూమ్ అందుతున్నా తేడా లేకపోతే మౌంటింగ్‌ను అనుమానించాలి. స్పార్క్ ప్లగ్ సరిగా పనిచేయకపోయినా ఇలాంటి వణుకే వస్తుంది కాబట్టి దాన్నీ చూడమనండి.

మౌంటింగ్ చుట్టూ తడి మరక ఉన్నా, రబ్బరు చీలినా మార్చక తప్పదు. కారిన ద్రవాన్ని మళ్లీ నింపడం కుదరదు. చవకని మామూలు రబ్బరుది వేయిస్తే బండి నడుస్తుంది గానీ వణుకు పోదు. ఒకటి పోతే దాని బరువు మిగతావాటిపై పడుతుంది, వాటినీ చూపించుకోండి. విప్పిన పాత మౌంటింగ్‌ను మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.