నడిచేవారు, నిలిచేవారు: డిస్నీ వినోదవనాల నవీకరణలో సందర్శకమార్గాల రూపకల్పన

వ్యాససంగ్రహం:

థీమ్ పార్కు అనగానే సవారీలు, కోటలు, ఊరేగింపులు గుర్తుకు వస్తాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే నడకమార్గాల గురించి చర్చ తక్కువ. అయితే ఒక వినోదవనం ఎంతమందిని సురక్షితంగా, సుఖంగా ఆదరించగలదో నిర్ణయించడంలో ఈ మార్గాల పాత్ర చాలా పెద్దది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్, ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ వినోదవనాలలో జరిగిన నవీకరణలను ఆధారంగా చేసుకొని, మార్గాన్ని వెడల్పు చేయడం ఒక్కటే రద్దీకి పరిష్కారం కాదనీ, నడిచేవారికీ నిలిచేవారికీ వేర్వేరు స్థలాలు కల్పించడమే అసలైన పరిష్కారమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: థీమ్ పార్కు, నడకమార్గం, నవీకరణ, జనసాంద్రత, పాదచారులు, సార్వజనిక రూపకల్పన, డిస్నీలాండ్.

1. ఉపోద్ఘాతం

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్ పట్టణంలో డిస్నీలాండ్ ప్రారంభమైంది. ఆ వేడుకను టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. ఆహ్వానితులకంటే ఎంతో ఎక్కువమంది ఆనాడు లోపలికి ప్రవేశించారు. ఎండ తీవ్రంగా ఉంది. ప్రారంభానికి కొద్దిముందే పోసిన తారు ఇంకా పూర్తిగా గట్టిపడకపోవడంతో స్త్రీల ఎత్తుమడమల చెప్పులు దానిలో దిగబడ్డాయి. థీమ్ పార్కుల చరిత్రలో పదేపదే ప్రస్తావనకు వచ్చే ఈ సంఘటనలో ఒక పాఠం ఉంది. కోట సిద్ధమైంది, సవారీలు చాలావరకు సిద్ధమయ్యాయి, కాలికింది నేల మాత్రం సిద్ధం కాలేదు. నిర్మాణంలో చిట్టచివర పూర్తయ్యేది నడకమార్గమే. సందర్శకుడికి మొట్టమొదట అనుభవంలోకి వచ్చేదీ అదే.

2. మూలరూపకల్పన: కూడలి, దారులు

డిస్నీలాండ్ మార్గాల అమరిక బండిచక్రాన్ని పోలి ఉంటుంది. ప్రవేశద్వారం నుండి మెయిన్ స్ట్రీట్ అనే ఒకే వీధి నేరుగా మధ్యకూడలికి చేరుస్తుంది. చక్రం ఇరుసు నుండి ఆకులు విడివడినట్లు ఆ కూడలి నుండి వివిధ విభాగాలకు దారులు చీలుతాయి. సందర్శకుడు దారి తప్పినా తిరిగి కూడలికి చేరుకుంటే చాలు, తానెక్కడ ఉన్నాడో తెలిసిపోతుంది.

ఈ అమరికకు దృశ్యాకర్షణను తోడుచేశారు. వీధి చివర కనిపించే స్లీపింగ్ బ్యూటీ కోట ఎత్తు 77 అడుగులు మాత్రమే. దాని పైభాగంలోని రాళ్లను, కిటికీలను క్రమంగా చిన్నవిగా నిర్మించడం వల్ల అది ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. దూరాన కనిపించే ఇటువంటి ఆకర్షణ జనాన్ని ముందుకు నడిపిస్తుంది. సూచికఫలకం అవసరం లేకుండానే కాళ్లు అటువైపు సాగుతాయి. ఒక విభాగం నుండి మరొక విభాగానికి మారేటప్పుడు కాలికింది నేల రంగు, గరుకుదనం కూడా మారుతాయి. దృష్టికంటే ముందు పాదమే ఆ మార్పును గ్రహించగలదు.

అయితే ఈ రూపకల్పనలోని బలమే కాలక్రమంలో బలహీనతగా పరిణమించింది. అందరినీ కూడలికి రప్పించే అమరికలో జనం పెరిగేకొద్దీ రద్దీ అంతా కూడలిపైనే పడుతుంది. పైగా ఈ మార్గాలను ప్రధానంగా నడకను దృష్టిలో ఉంచుకొని నిర్మించారు. తరువాతి దశాబ్దాలలో అవి నిలబడే స్థలాలుగా కూడా మారాయి. 1972లో విద్యుద్దీపాల ఊరేగింపు మొదలైంది. 1992లో నదీతీరంలో ఫాంటాస్మిక్ అనే రాత్రి ప్రదర్శన మొదలైంది. బాణసంచా ప్రదర్శనలు నిత్యకృత్యమయ్యాయి. ఇవన్నీ చూడడానికి జనం నిలబడేది నడకదారులలోనే.

3. జనసాంద్రత: ఒకే స్థలం, రెండు అర్థాలు

పాదచారుల రద్దీని శాస్త్రీయంగా కొలిచిన తొలితరం పరిశోధకులలో జాన్ ఫ్రూయిన్ ప్రముఖుడు. 1971లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఒక్కొక్క మనిషికి దక్కే స్థలాన్ని బట్టి రద్దీని ఆరు శ్రేణులుగా విభజించాడు. నడిచేవారి విషయంలో ఒక్కొక్కరికి 35 చదరపు అడుగులకు పైగా స్థలం ఉంటే అది ఉత్తమశ్రేణి. అక్కడ ఎవరి వేగంతో వారు నడవగలరు. 5 చదరపు అడుగులకంటే తగ్గితే అది అధమశ్రేణి. అక్కడ నడక దాదాపు స్తంభించిపోతుంది.

ఆయన నిలబడి వేచి ఉండేవారికి వేరొక కొలమానం ఇవ్వడం ఇక్కడ గమనించదగిన విషయం. ఒక్కొక్కరికి 8 చదరపు అడుగుల స్థలం ఉందనుకుందాం. నిలబడినవారికి అది మూడవశ్రేణి, ఇబ్బంది లేని స్థితి. నడిచేవారికి అదే స్థలం అయిదవశ్రేణి, అంటే అడుగు తీసి అడుగు వేయడం కష్టమైన స్థితి. నిలిచినవారికి సరిపోయే చోటు నడిచేవారికి సరిపోదు. ఈ రెండు వర్గాలను ఒకే దారిలో ఉంచినప్పుడు నష్టపోయేది నడిచేవారే.

దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. 20 అడుగుల వెడల్పు గల ఒక మార్గం ఉంది. గోడలకు, అంచులకు ఆనుకొని ఎవరూ నడవరు గనుక ఇరువైపులా అడుగున్నర చొప్పున తీసివేస్తే నడకకు మిగిలేది 17 అడుగులు. అడుగు వెడల్పుకు నిమిషానికి 10 మంది సుఖంగా సాగిపోగలరని లెక్కిస్తే ఆ మార్గంలో నిమిషానికి 170 మంది వెళ్లగలరు. ఊరేగింపు చూడడానికి ఇరువైపులా రెండేసి వరుసలు నిలబడితే ఒక్కొక్క వైపు 4 అడుగులు పోతాయి. నిలబడినవారికి తగలకుండా నడవడానికి అడుగున్నర ఎడం అక్కడ కూడా తప్పదు. ఇక మిగిలేది 9 అడుగులు. దారి సామర్థ్యం 90 మందికి పడిపోతుంది.

ఇప్పుడు మార్గాన్ని మరో 4 అడుగులు వెడల్పు చేస్తే సామర్థ్యం 130కి పెరుగుతుంది. అది తొలి స్థాయికి చేరలేదు. అంతలో ఖాళీ కనిపించింది కదా అని ఇరువైపులా మరొక్క వరుస చొప్పున జనం నిలబడితే సామర్థ్యం మళ్లీ 90కే చేరుతుంది. ఖర్చు మిగిలింది, ఫలితం మిగలలేదు.

4. నవీకరణలో మూడు పద్ధతులు

4.1 అడ్డంకిని జరపడం: 1983లో డిస్నీలాండ్‌లోని ఫాంటసీలాండ్ విభాగాన్ని సమూలంగా నవీకరించారు. కోట ద్వారం దాటగానే ఉండే ప్రాంగణంలో రద్దీని తగ్గించడానికి గుర్రాల రంగులరాట్నాన్ని వెనుకకు జరిపారు. తిరిగే టీకప్పుల సవారీని ప్రాంగణం నుండి మరొక చోటికి తరలించారు. ఇక్కడ మార్గానికి చోటు ఇవ్వడం కోసం సవారీలే పక్కకు తప్పుకున్నాయి.

4.2 అంచులను తగ్గించడం: 2019 మే 31న డిస్నీలాండ్‌లో 14 ఎకరాల స్టార్ వార్స్ విభాగం ప్రారంభమైంది. దానికి రాబోయే జనాన్ని దృష్టిలో ఉంచుకొని ‘ప్రాజెక్ట్ స్టార్‌డస్ట్’ పేరుతో పాత విభాగాలలో మార్పులు చేశారు. మొక్కల మడులను కుదించి దారులను వెడల్పు చేశారు. పిల్లల తోపుడుబండ్లను నిలిపే చోట్లను మార్చారు. మెయిన్ స్ట్రీట్‌లోని గుర్రపుట్రాము పట్టాలను, కాలిబాట అంచుగట్లను పునర్నిర్మించారు. నిబంధనలు కూడా మారాయి. 2019 మే 1 నుండి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించిన తోపుడుబండ్లను అనుమతించలేదు. పొగతాగే స్థలాలను ఉద్యానం వెలుపలికి పంపారు.

కొత్త విభాగానికి మూడు ప్రవేశమార్గాలు కల్పించడం ఈ సందర్భంలో జరిగిన మరొక మేలు. అంతవరకు క్రిటర్ కంట్రీ విభాగం ఒకవైపు మూసుకొని ఉన్న సందు వంటిది. వెళ్లినవారు అదే దారిన వెనుదిరగవలసి వచ్చేది. కొత్త మార్గంతో అది ఇరువైపులా తెరుచుకుంది. అదే దారిన తిరిగి వచ్చేవారు ఒకే మనిషి అయినా దారికి ఇద్దరి భారం వేస్తారు. మూసుకున్న సందును తెరవడం వల్ల దారి వెడల్పు పెరగకుండానే ఆ భారం తగ్గుతుంది.

4.3 నిలిచేవారికి చోటు కల్పించడం: ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2015 నాటికి పూర్తయిన మధ్యకూడలి నవీకరణ భిన్నమైనది. కోటముందున్న నీటికందకాన్ని కొంత కుదించి కూడలిని విస్తరించారు. బాణసంచా చూడడానికి పచ్చిక పరచిన ప్రాంగణాలను దారులకు పక్కగా ఏర్పరచారు. ప్రేక్షకులకు తమదైన చోటు దొరికినప్పుడు దారి నడిచేవారికి మిగులుతుంది. పై ఉదాహరణలోని లెక్క ప్రకారం చూసినా, దారిని ఒక్క అడుగు కూడా పెంచకుండానే 90 తిరిగి 170 అయ్యే అవకాశం ఈ పద్ధతిలోనే ఉంది.

5. వెడల్పుకు చెల్లించే మూల్యం

రెండవ పద్ధతి చౌకైనది, త్వరగా పూర్తయ్యేది. కానీ మొక్కల మడి కేవలం అలంకారం కాదు. దాని అంచుగట్టు అలసినవారు కూర్చునే అరుగు. దానిలోని చెట్టు నీడనిస్తుంది. మడిని తొలగించినప్పుడు దారితోపాటు ఎండ కూడా విస్తరిస్తుంది. కూర్చునే చోటు కోల్పోయిన వృద్ధుడు దారి పక్కన నిలబడతాడు. అంటే నడిచేవారి కోసం చేసిన మార్పు నిలిచేవారి సంఖ్యను పెంచుతుంది. అందువల్ల తొలగించిన ప్రతి అరుగుకు బదులుగా మరొక ఆసనాన్ని, తొలగించిన ప్రతి నీడకు బదులుగా మరొక నీడను నవీకరణ ప్రణాళికలోనే లెక్కించాలి.

చక్రాల కుర్చీలో వచ్చేవారి విషయం మరింత ముఖ్యమైనది. డిస్నీలాండ్ నిర్మించిన 35 సంవత్సరాల తరువాత, 1990లో అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రమాణాల ప్రకారం నడకమార్గం వాలు 20 అడుగులకు ఒక అడుగు మించితే దానిని ర్యాంపుగా పరిగణించాలి. ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. అడ్డవాలు 48 అడుగులకు ఒక అడుగు దాటరాదు. ఈ చివరి నియమంలో ఒక చిక్కు ఉంది. వాననీరు పోవడానికి నేలకు కొంత వాలు కావాలి. ఆ వాలు ఎక్కువైతే చక్రాల కుర్చీ పక్కకు లాగుతుంది. నీటికీ చక్రానికీ మధ్య ఈ సమతూకాన్ని సాధించడం సందర్శకుడి కంటికి కనిపించని పని. వీధిలోని పట్టాల సందులు, అంచుగట్లు కూడా చిన్నచక్రాలకు ప్రమాదకరమైనవే. అందుచేత అంచుగట్టు పునర్నిర్మాణాన్ని పైమెరుగుగా భావించకూడదు. కొందరికి అది ప్రవేశహక్కు.

6. తెలుగునేలకు వర్తింపు

నడిచేవారినీ నిలిచేవారినీ వేరుచేయడం తెలుగువారికి కొత్త విషయం కాదు. తిరుమలలో బ్రహ్మోత్సవాల వేళ వాహనసేవ మాడవీధులలో సాగుతుంది. భక్తులు వీధుల పక్కన ఏర్పరచిన గ్యాలరీలలో కూర్చుంటారు. వాహనం కదిలే చోటు వేరు, చూసేవారు ఉండే చోటు వేరు. మ్యాజిక్ కింగ్‌డమ్ కూడలిలో అనుసరించిన సూత్రం మూలంలో ఇదే.

ఈ సూత్రం అమలు కానిచోట పోయేది సుఖం మాత్రమే కాదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం పుష్కరఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో 25 మందికి పైగా మరణించారు. వినోదవనానికీ పుణ్యక్షేత్రానికీ ప్రయోజనం వేరు, భావన వేరు. కానీ ఇరుకుచోట కిక్కిరిసిన దేహానికి ఆ తేడా ఉండదు. లోపలికి వెళ్లేవారు, వెలుపలికి వచ్చేవారు, వేచి ఉండేవారు అనే మూడు వర్గాలకు చోటు కేటాయించడం రెండుచోట్లా ప్రణాళికలో తొలిమెట్టు.

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వినియోగించే భవనాలు, స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశిస్తుంది. హైదరాబాద్ పరిసరాలలోని వినోదకేంద్రాలకు వేసవి ఎండ అదనపు సమస్య. అక్కడ నీడను కూడా మార్గంలో భాగంగానే పరిగణించడం అవసరం.

7. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మార్గం సామర్థ్యాన్ని దాని వెడల్పుతో కాక, నడకకు నిజంగా మిగిలే వెడల్పుతో కొలవాలి. రెండవది, నిలిచేవారికి వేరే చోటు చూపకుండా చేసిన విస్తరణను నిలిచేవారే తిరిగి ఆక్రమిస్తారు. మూడవది, విస్తరణ కోసం తొలగించిన నీడకు, ఆసనానికి ప్రత్యామ్నాయం చూపనిదే నవీకరణ పూర్తికాదు. 1955లో మెత్తని తారులో మడమలు దిగబడినప్పుడు ఆ లోపం అందరికీ కనిపించింది. ఈనాటి లోపాలు అంత స్పష్టంగా కనిపించవు. కూర్చునే చోటు లేక దారిపక్కన నిలబడిన వృద్ధురాలిలో, అంచుగట్టు దగ్గర ఆగిపోయిన చక్రాల కుర్చీలో వాటిని వెతకవలసి ఉంటుంది.