వార్తల్లో పదం: కాకుట్‌

మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం గర్భంలోనే సరిగా రూపుదిద్దుకోకపోతే వచ్చే లోపాలన్నిటికీ కలిపి వైద్యులు పెట్టిన పేరు ‘కాకుట్‌’. ఒక కిడ్నీయే లేకపోవడం, మూత్రం కిందికి దిగక కిడ్నీ ఉబ్బడం, మూత్రాశయం నుంచి మూత్రం వెనక్కి ఎగదన్నడం... అన్నీ ఇందులోవే. పిల్లల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ప్రధాన కారణం ఇదే.

కిడ్నీ తయారయ్యే క్రమంలో, గర్భం ఐదో వారం ప్రాంతంలో మూత్రనాళపు మొగ్గ పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకెళ్లి కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మల చివర్ల దగ్గర రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు ఏర్పడతాయి. సుమారు 36 వారాలకు ఈ పని ముగుస్తుంది. నిండు నెలల బిడ్డకు పుట్టాక కొత్తవి రావు. అందుకే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారికి ఇవి తక్కువ. పెద్దయ్యాక రక్తపోటు ముప్పు ఎక్కువ. పైగా గర్భం నాలుగైదు నెలల నుంచి ఉమ్మనీరు చాలావరకు శిశువు మూత్రమే. అది బాగా తగ్గితే ఊపిరితిత్తులూ సరిగా ఎదగవు.

ఐదో నెల స్కానింగ్‌లో కిడ్నీ వాపు కనిపిస్తే హడలిపోనక్కర్లేదు. చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. ‘బిడ్డ బాగానే ఉందిగా’ అని పుట్టాక స్కానింగ్‌ మానేయడమే అసలు పొరపాటు. మగబిడ్డకు మూత్రం ధారగా రాకుండా చుక్కలుగా పడినా, ‘పళ్లొస్తున్నాయిలే’ అని సరిపెట్టుకునే జ్వరం మళ్లీమళ్లీ వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించి, మూత్రపరీక్ష చేయించాలి.